వాతావరణ కొలతల నుంచి గాలి సాంద్రతా ఎత్తు: మండుటెండలో లెక్క తక్కువ వస్తోంది, తప్పు ఎక్కడ?

#1 నీలిగాలి

సభ్యులందరికీ నమస్కారం. నేను తేలికపాటి విమానం నడపడం నేర్చుకుంటున్నాను. విమానాశ్రయం ప్రకటించే వాతావరణ నివేదిక ఆధారంగా సాంద్రతా ఎత్తును, అంటే డెన్సిటీ ఆల్టిట్యూడ్‌ను, లెక్కించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి రాసుకున్నాను. సూత్రాలను ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నాను. అయినా వచ్చిన జవాబు నమ్మేలా లేదు.

నిన్న మధ్యాహ్నపు కొలతలు ఇవి: రన్‌వే సముద్ర మట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది, నివేదికలోని పీడనం 1008 హెక్టోపాస్కల్, ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్, డ్యూ పాయింట్ (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 22 డిగ్రీలు. డ్యూ పాయింట్ నుంచి బాష్ప పీడనాన్ని, అంటే పీడనంలో నీటి ఆవిరి వాటాను, రాబట్టి, మొత్తం పీడనంలోంచి దాన్ని తీసివేసి, పొడి గాలి సాంద్రతనూ నీటి ఆవిరి సాంద్రతనూ విడివిడిగా కట్టి కలిపితే ఘనపు మీటరుకు 1.128 కిలోగ్రాములు వచ్చింది. ప్రామాణిక వాతావరణంలో, అంటే విమానయానంలో కొలబద్దగా వాడే నమూనా వాతావరణంలో, అంత సాంద్రత ఉండే ఎత్తు 848 మీటర్లు. సాంద్రతా ఎత్తు అంటే అదే. ఎండకు గాలి పలచబడి సాంద్రతా ఎత్తు పెరగాలి కదా. అది రన్‌వే ఎత్తు కంటే 52 మీటర్లు తగ్గడం ఏమిటి? వచ్చిన జవాబుకు రన్‌వే ఎత్తును కూడా కలుపుకోవాలా? కలిపితే 1748 అవుతుంది. సరైన జవాబు అదేనా?

#2 పీడనరేఖ

నీలిగాలి గారూ, మీకు అనుమానం రావడమే మంచిదయింది. 900 మీటర్ల దగ్గర ప్రామాణిక వాతావరణంలో ఉండవలసిన ఉష్ణోగ్రత 9 డిగ్రీల పైచిలుకు. మీ దగ్గర ఉన్నది 35. అలాంటి మధ్యాహ్నం సాంద్రతా ఎత్తు నేల ఎత్తు కంటే తక్కువ రావడం జరగని పని. సూత్రాలను మీరు సరిగానే వాడారు. వాటికి అందించిన 1008 దగ్గరే పొరపాటు జరిగింది.

నివేదికలో కనిపించే 1008 మీ రన్‌వే మీది గాలి పీడనం కాదు. అది క్యూఎన్‌హెచ్. అక్కడి బారోమీటరు చూపిన పీడనాన్ని ప్రామాణిక వాతావరణం లెక్కన సముద్ర మట్టం దాకా దించితే ఎంత అవుతుందో ఆ అంకె. దాన్ని ఎత్తు చూపే ఆల్టీమీటరులో పెట్టుకుంటే, విమానం నేల మీద నిలిచి ఉన్నప్పుడు ముల్లు రన్‌వే ఎత్తును చూపాలి. ఆ అంకె పుట్టింది అందుకోసమే. సాంద్రతకు కావలసింది మాత్రం ఆ చోట, ఆ వేళ, రెక్కను తాకుతున్న గాలి పీడనం. దాన్ని స్టేషన్ పీడనం అంటాం. విమానయానంలో క్యూఎఫ్‌ఈ అనేది ఇంచుమించు ఇదే.

క్యూఎన్‌హెచ్‌ను ప్రామాణిక వాతావరణంతోనే దించారు కాబట్టి, అదే దారిలో వెనక్కి ఎక్కించవచ్చు. పీడనం హెక్టోపాస్కల్‌లోనూ ఎత్తు మీటర్లలోనూ ఉంటే సూత్రం ఇది:

స్టేషన్ పీడనం = (క్యూఎన్‌హెచ్^0.190263 − 0.00008417286 × ఎత్తు)^(1 ÷ 0.190263)

మీ అంకెలు వేద్దాం. 1008ని 0.190263 ఘాతానికి ఎత్తితే 3.72776 వస్తుంది. ఎత్తు భాగం 0.07576. తీసివేస్తే మిగిలేది 3.65200. దీన్ని 5.25588 ఘాతానికి ఎత్తితే 904.9 హెక్టోపాస్కల్. మీరు వాడిన అంకెకూ దీనికీ తేడా 103 హెక్టోపాస్కల్ పైనే! అంటే మీ ప్రోగ్రామ్ రన్‌వేని సముద్ర తీరానికి తీసుకెళ్లి, అక్కడ 35 డిగ్రీల ఎండలో నిలబెట్టి, ఆ గాలి సాంద్రతను మీకు చెప్పింది.

904.9తో మళ్లీ కడితే సాంద్రత 1.0117, సాంద్రతా ఎత్తు 1948 మీటర్లు వస్తాయి. మొదటి జవాబుకూ దీనికీ తేడా 1100 మీటర్లు. విమానం ఎక్కబోయే మనిషికి ఇది చిన్న తేడా కాదు కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ రెండో ప్రశ్న కూడా ముఖ్యమైనదే. 848కి 900 కలిపితే వచ్చే 1748 చూడటానికి నమ్మదగ్గట్టే ఉంటుంది, అదే దాని ప్రమాదం. అది అసలు జవాబు కంటే సరిగ్గా 200 మీటర్లు తక్కువ. కారణం ఏమిటంటే, సముద్ర మట్టం దగ్గర లెక్క కట్టినప్పుడు 35 డిగ్రీలను ప్రామాణికమైన 15 డిగ్రీలతో పోల్చినట్టయింది. నిజానికి పోల్చవలసింది 900 మీటర్ల దగ్గరి 9.15 డిగ్రీలతో. మధ్యలో మాయమైన ఆ 5.85 డిగ్రీలే, డిగ్రీకి సుమారు 35 మీటర్ల చొప్పున, ఆ 200 మీటర్లు. రన్‌వే ఎత్తు ఎంత పెరిగితే ఈ పొరపాటు అంత పెరుగుతుంది.

ఇళ్ల దగ్గర పెట్టుకునే వాతావరణ కేంద్రాలు వాడేవారికి ఒక హెచ్చరిక. వాటిలో చాలావాటికి రెండు పీడనాలు ఉంటాయి: ఉన్నచోటి పీడనం ఒకటి, సముద్ర మట్టానికి దించిన పీడనం ఒకటి. తెరపై పెద్ద అక్షరాలతో కనిపించేది సాధారణంగా రెండోదే. అంతేకాక, వాతావరణ పటాల కోసం సముద్ర మట్టానికి దించే పీడనంలో అప్పటి ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తీసుకుంటారు. దాన్ని క్యూఎఫ్‌ఎఫ్ అంటారు. పై సూత్రంతో దాన్ని వెనక్కి తిప్పితే సరైన జవాబు రాదు. అందువల్ల ఉన్నచోటి పీడనం నేరుగా దొరికితే అదే వాడండి. క్యూఎన్‌హెచ్ దొరికితే తిప్పి వాడండి. ఏది దొరికిందో తెలియనప్పుడు మాత్రం ఆ అంకె జోలికి పోవద్దు.

#3 సూత్రధారి

పీడనరేఖ గారు పీడనం సంగతి తేల్చేశారు కనుక, ప్రోగ్రామ్ రాసేవారి కోసం మిగిలిన మెట్లను, వాటిలో జారిపడే చోట్లను రాస్తాను.

మొదట బాష్ప పీడనం. డ్యూ పాయింట్ దగ్గర గాలిలోని ఆవిరి సంతృప్తమై ఉంటుంది కాబట్టి, ఆ ఉష్ణోగ్రతకు సంతృప్త బాష్ప పీడనాన్ని కనుక్కుంటే అదే ఇప్పుడు గాలిలో ఉన్న బాష్ప పీడనం. 1930లో టెటెన్స్ ప్రచురించిన సూత్రం దీనికి చక్కగా సరిపోతుంది:

బాష్ప పీడనం = 6.1078 × 10^(7.5 × డ్యూ పాయింట్ ÷ (237.3 + డ్యూ పాయింట్))

ఇక్కడ ఉష్ణోగ్రత సెల్సియస్‌లోనే ఉండాలి. 22 డిగ్రీలకు 26.4 హెక్టోపాస్కల్ వస్తుంది. ఇదే సూత్రాన్ని సహజ సంవర్గమానపు ఆధారంతో రాసినప్పుడు 7.5 స్థానంలో 17.27 ఉంటుంది. ఒక చోటి నుంచి ఆధారాన్నీ మరో చోటి నుంచి గుణకాన్నీ తెచ్చి అతికించిన ప్రోగ్రామ్‌లను నేను సరిదిద్దాను. అలా చేస్తే 26.4కు బదులు 11.5 వస్తుంది. జవాబు చూడటానికి తప్పుగా కనిపించదు, అరవై మీటర్ల పైన తేడా మాత్రం చెప్పకుండా వచ్చి చేరుతుంది.

తర్వాత సాంద్రత. పీడనాలను పాస్కల్‌లోకి, ఉష్ణోగ్రతను కెల్విన్‌లోకి మార్చాలి. పొడి గాలి పీడనం 90,490 − 2,640 = 87,850 పాస్కల్; పరమ ఉష్ణోగ్రత 308.15. పొడి గాలి స్థిరాంకం 287.05తో భాగిస్తే 0.9932, నీటి ఆవిరి స్థిరాంకం 461.5తో భాగిస్తే 0.0186, మొత్తం 1.0117 కిలోగ్రాములు.

చివరిది ఎత్తు:

సాంద్రతా ఎత్తు = 44,330.8 × [1 − (సాంద్రత ÷ 1.225)^0.234969]

ఈ అంకెలు ఎవరో ఎక్కడో అతికించినవి కావు. ప్రామాణిక వాతావరణంలో సముద్ర మట్టం దగ్గర ఉష్ణోగ్రత 288.15 కెల్విన్, పీడనం 1013.25 హెక్టోపాస్కల్, సాంద్రత 1.225, మీటరు ఎక్కితే 0.0065 డిగ్రీ తగ్గుతుంది. 288.15ను 0.0065తో భాగిస్తే 44,330.8. ఎత్తుతో పీడనం తగ్గే ఘాతాంకం 5.2559, సాంద్రత అంతకంటే ఒకటి తక్కువ ఘాతంతో, 4.2559తో, తగ్గుతుంది, దాని విలోమమే 0.234969. పీడనపు సూత్రంలోని 0.190263 కూడా 5.2559కి విలోమమే. ఈ రెండు ఘాతాంకాలనూ తారుమారు చేయడం తరచుగా చూసే పొరపాటు. ఈ సూత్రం 11 కిలోమీటర్ల లోపే పనికొస్తుంది, ఎందుకంటే ఆ పైన ప్రామాణిక ఉష్ణోగ్రత కొంత దూరం తగ్గకుండా నిలకడగా ఉంటుంది. వచ్చే ఎత్తు భూ గురుత్వ శక్తిని బట్టి కొలిచే ఎత్తు, మామూలు ఎత్తు కాదు. కానీ రెండు వేల మీటర్ల దగ్గర ఆ తేడా మీటరు కూడా ఉండదు.

ప్రోగ్రామ్ పూర్తయ్యాక మొదట పరీక్షించవలసింది 15 డిగ్రీలు, 1013.25, తేమ సున్నా అనే కొలతలతో. జవాబు సున్నాకు ఒకటి రెండు మీటర్లలో ఉండాలి. నీలిగాలి గారి ప్రోగ్రామ్ ఈ పరీక్షలో నెగ్గి ఉండేది. అందువల్ల రెండో పరీక్షగా ఎత్తైన చోటి కొలతలు కూడా తప్పకుండా ఇవ్వాలి.

#4 రెక్కలబండి

నేను చాలా ఏళ్లుగా చిన్న విమానాలు నడుపుతున్నాను. కాక్‌పిట్‌లో కూర్చుని ఇన్ని ఘాతాలు కట్టలేం కాబట్టి మాకు ఒక మోటు లెక్క ఉంది: పీడన ఎత్తు (ప్రామాణిక వాతావరణంలో ఇప్పటి స్టేషన్ పీడనం ఉండే ఎత్తు) తీసుకుని, ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే బయట ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉంటే అన్ని 120 అడుగులు, అంటే డిగ్రీకి 36.6 మీటర్లు, కలుపుతాం. నీలిగాలి గారి కొలతలకు పీడన ఎత్తు 944 మీటర్లు, అక్కడి ప్రామాణిక ఉష్ణోగ్రత 8.9 డిగ్రీలు, ఎక్కువ ఉన్నది 26.1 డిగ్రీలు. కలిపితే 1900 మీటర్లు. పూర్తి లెక్కకు 50 మీటర్ల దూరంలో ఆగింది.

పీడన ఎత్తు తెలుసుకోవడానికి లెక్క కూడా అక్కర్లేదు. ఆల్టీమీటరులో 1013 పెట్టి ముల్లు చూపే అంకెను చదువుకుని, మళ్లీ మరచిపోకుండా క్యూఎన్‌హెచ్ పెట్టుకుంటే చాలు.

ఈ అంకె విమానానికి ఏం చెబుతుందో కూడా చెప్పాలి. గాలి 1.0117కు పలచబడినప్పుడు, అదే లిఫ్ట్, అంటే రెక్కను పైకెత్తే బలం, రావాలంటే గాలిలో అసలు వేగం 10 శాతం పెరగాలి. వేగ సూచిక ఈ సంగతి చెప్పదు. అది ఎప్పటి అంకె దగ్గరే మిమ్మల్ని పైకి లేవమంటుంది. నేల మీద మాత్రం చక్రాలు 10 శాతం ఎక్కువ వేగంతో దొర్లుతుంటాయి. త్వరణం ఏమీ తగ్గలేదనుకున్నా పరుగు దూరం వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక 21 శాతం ఎక్కువ రన్‌వే కావాలి. త్వరణం తగ్గకుండా ఉండదు. ఇంజనూ ప్రొపెల్లరూ రెండూ పలచని గాలిలో నీరసపడతాయి. పైకి లేచాక ఎక్కే వేగం కూడా తగ్గుతుంది. ఎండాకాలపు మధ్యాహ్నం రన్‌వే చివరి చెట్లు దగ్గరవుతున్నా ఎత్తు నింపాదిగా పెరగడం చూసినవారికి ఈ 1948 అనే అంకె మీద గౌరవం ఉంటుంది.

నేర్చుకునేవారు ఒక సంగతి గమనించాలి. విమాన పుస్తకంలోని టేకాఫ్ పట్టికలు చాలావరకు పీడన ఎత్తునూ ఉష్ణోగ్రతనూ విడివిడిగా అడుగుతాయి. అక్కడ పీడన ఎత్తు గడిలో సాంద్రతా ఎత్తును వేసి, పక్కన 35 డిగ్రీలు కూడా వేస్తే వేడిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. పట్టిక ఏది అడిగితే అదే ఇవ్వండి.

#5 నీలిగాలి

పెద్దలందరికీ ధన్యవాదాలు. స్టేషన్ పీడనంతో సరిదిద్దాను, 1948 వచ్చింది.

రెక్కలబండి గారి మోటు లెక్కలో తేమ ఊసే లేదు, అయినా 50 మీటర్ల తేడాతో సరిపోయింది. అంటే తేమను వదిలేయవచ్చా? మరో సందేహం కూడా ఉంది. తేమ ఎక్కువైన రోజు గాలి బరువుగా ఉన్నట్టు అనిపిస్తుంది కదా. లెక్కలో మాత్రం తేమ వల్ల సాంద్రత తగ్గుతోంది. నా దగ్గర డ్యూ పాయింట్ లేకుండా సాపేక్ష ఆర్ద్రత మాత్రమే ఉంటే ఎలా చేయాలి?

#6 తడిబల్బు

ముందు మోటు లెక్క సంగతి. అది సరిపోయింది అనడం కంటే, దానిలోని రెండు లోపాలు ఒకదాన్నొకటి కొంత మింగేశాయి అనడం సరైన మాట. డిగ్రీకి 36 మీటర్ల పైచిలుకు అనేది 15 డిగ్రీల పరిసరాల్లో, సముద్ర మట్టం దగ్గర నిజం. 35 డిగ్రీల దగ్గర, మీ ఎత్తులో, అది 32 మీటర్లకు తగ్గుతుంది. అందువల్ల తేమ లేని గాలికి అసలు జవాబు 1838 అయితే మోటు లెక్క 1900 చూపింది. అరవై మీటర్లు ఎక్కువ. మీ గాలిలోని తేమ మరో 110 మీటర్లు పెంచింది. మోటు లెక్క దాన్ని చూడనే లేదు. ఎక్కువలోంచి తక్కువ పోగా 50 మిగిలింది. పొడి ఎండలో ఇదే లెక్క ఎక్కువ చూపుతుంది, ఉక్కపోతలో తక్కువ చూపుతుంది. ప్రాణాల మీదికి వచ్చేది తక్కువ చూపినప్పుడే కాబట్టి తేమను వదలకూడదని నా అభిప్రాయం.

తేమ గాలి తేలిక ఎందుకంటే, ఒకే పీడనం, ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఒకే ఘనపరిమాణంలో ఉండే అణువుల సంఖ్య ఏ వాయువుకైనా ఒకటే; అవొగాడ్రో 1811లో చెప్పినది ఇదే. పొడి గాలి సగటు అణుభారం 28.96, నీటిది 18.02. ఆవిరి అణువు వచ్చి చేరినప్పుడల్లా దానికంటే బరువైన నైట్రోజన్‌కో ఆక్సిజన్‌కో ఆ చోటు పోతుంది. మనకు బరువుగా అనిపించేది చెమట ఆరకపోవడం వల్ల కలిగే అలసట. అది గాలి బరువు కాదు. మేఘం, పొగమంచు వేరే సంగతి. అవి ఆవిరి కావు, నీటి బిందువులు.

సాపేక్ష ఆర్ద్రత ఉంటే టెటెన్స్ సూత్రంలో డ్యూ పాయింట్‌కు బదులు గాలి ఉష్ణోగ్రత వేయాలి. వచ్చినదాన్ని ఆర్ద్రత శాతంతో గుణించాలి. 35 డిగ్రీలకు సంతృప్త బాష్ప పీడనం 56.2, నిన్నటి మీ గాలిలో ఆర్ద్రత 47 శాతం, గుణిస్తే మళ్లీ అదే 26.4. గుణించడం మరచిపోతే 56.2నే బాష్ప పీడనంగా తీసుకున్నట్టవుతుంది, 125 మీటర్లు అదనంగా వస్తుంది. తడి బల్బు (బల్బుకు తడి గుడ్డ చుట్టిన) థర్మామీటరు వాడే నాలాంటివారు, ఫ్యానుతో గాలి ఆడించే సైక్రోమీటరు అయితే, తడి బల్బు ఉష్ణోగ్రతకు సంతృప్త పీడనం కట్టి, అందులోంచి 0.00066 × స్టేషన్ పీడనం × (పొడి బల్బు − తడి బల్బు) తీసివేయాలి. మీ గాలిలో నా తడి బల్బు 25.3 చూపి ఉండేది. ఇక్కడ కూడా స్టేషన్ పీడనమే వాడాలి. పొరపాటున 1013 వేసినా మూడు మీటర్ల తేడానే కనుక అది పెద్ద విషయం కాదు.

పెద్ద విషయం థర్మామీటరు ఉన్న చోటు. నా అనుభవం ఒకటి చెబుతాను. నా సెన్సర్ తెల్లని ప్లాస్టిక్ పళ్లేలు ఒకదాని కింద ఒకటి అమర్చిన కవచంలో, గడ్డి నేల మీద, నా ఛాతీ ఎత్తున ఉండేది. రెండేళ్లు బాగానే పనిచేసింది. తర్వాత గాలి కదలని మధ్యాహ్నాల్లో అది సైక్రోమీటరు కంటే 2 డిగ్రీలు ఎక్కువ చూపడం మొదలుపెట్టింది. సెన్సర్ చెడిపోయిందనుకుని కొత్తది తెప్పించాను. అదీ అంతే చూపింది. చివరికి కవచాన్ని విప్పి చూస్తే పళ్లేల పైభాగం పసుపు రంగుకు తిరిగి, వాటి మీద వేలితో గీస్తే గీత పడేంత దుమ్ము పేరుకుని ఉంది. మధ్య సందులను సాలీడు మూడు వైపులా అల్లేసింది. గాలి ఆడే దారే లేదు. తడి గుడ్డతో తుడిచి, గూళ్లు తీసి, పై పళ్లేన్ని మార్చాక తేడా అర డిగ్రీ లోపలికి వచ్చింది. ఆ 2 డిగ్రీలు సాంద్రతా ఎత్తులో 65 మీటర్లు. నా అంకెల్లో ఎంత కాలంగా కలిసి ఉన్నాయో నాకే తెలియదు.

అదే కవచంలో ఆర్ద్రతను కొలిచే సెన్సర్ కూడా వేడెక్కుతుంది, అది చూపే శాతం తగ్గుతుంది. కానీ ఆ రెండు అంకెలనూ కలిపి బాష్ప పీడనం కడితే అది దాదాపు సరిగానే వస్తుంది, ఎందుకంటే గాలి వేడెక్కినా అందులోని ఆవిరి మారదు. అందువల్ల ఆర్ద్రత ఒక చోటిది, ఉష్ణోగ్రత మరో చోటిది తెచ్చి కలపకండి. ఒకే సెన్సర్ జంట నుంచి బాష్ప పీడనం కట్టుకుని, సాంద్రతకు మాత్రం నీడలోని మంచి ఉష్ణోగ్రత వాడండి.

#7 ఇంజన్‌గది

నేను విమానాల మనిషిని కాను, పోటీ వాహనాల ఇంజన్లు సర్దుతాను. తడిబల్బు గారు చెప్పిన తేమ మా పనిలో ఇంకా పెద్దది. రెక్కకు కావలసింది గాలి బరువు. అది ఆవిరిదైనా ఫర్వాలేదు. ఇంజనుకు కావలసింది ఆక్సిజన్. నీలిగాలి గారి కొలతల్లో తేమ వల్ల సాంద్రత 1.1 శాతమే తగ్గింది, కానీ పొడి గాలి పీడనం 904.9 నుంచి 878.5కు పడింది, అంటే ఆక్సిజన్ 2.9 శాతం తగ్గినట్టు. పొడి గాలి సాంద్రత 0.9932ను మాత్రమే తీసుకుని ఎత్తు కడితే 2130 మీటర్లు వస్తుంది. రెక్క 1950 మీటర్ల దగ్గర ఉన్న రోజునే ఇంజన్ 2130 మీటర్ల దగ్గర ఉందన్నమాట. శక్తి సవరణకు వాడే ఎస్‌ఏఈ జె1349 ప్రమాణం కూడా ఈ కారణంగానే 25 డిగ్రీలనూ, 99 కిలోపాస్కల్ పొడి గాలి పీడనాన్నీ ఆధారంగా తీసుకుంటుంది. కార్బురేటర్ జెట్ (ఇంధనం వచ్చే రంధ్రం) ఎంచుకునేవారు సాంద్రతా ఎత్తు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఉక్కపోత రోజుల్లో మిశ్రమం చిక్కబడుతుంది. టర్బో ఉన్న ఇంజన్లకు ఇది ఇలాగే వర్తించదు.

#8 మంచుగడ్డ

చిన్న సందేహం. చలి దేశంలో సముద్ర మట్టం దగ్గర మైనస్ 20 డిగ్రీలకు లెక్క కడితే నాకు సాంద్రతా ఎత్తు మైనస్ 1370 మీటర్లు వచ్చింది. ప్రోగ్రామ్ తప్పా?

#9 సూత్రధారి

తప్పు కాదు. 1013.25 పీడనంతో పొడి గాలి సాంద్రత అక్కడ 1.394, ప్రామాణిక వాతావరణాన్ని సముద్రం కిందికి అదే వాలుతో పొడిగిస్తే అంత సాంద్రత ఉండే లోతు అది. సూత్రం సున్నా దగ్గర ఆగదు. విమానానికి ఆ గాలి మేలే చేస్తుంది. అంత చలిలో బాష్ప పీడనం ఒకటి రెండు హెక్టోపాస్కల్ కూడా ఉండదు కనుక తేమను పట్టించుకోనవసరం లేదు.

#10 నీలిగాలి

నేను సొంతంగా ఒక బారోమీటర్ చిప్‌ను చిన్న డబ్బాలో అమర్చి హ్యాంగర్‌లో పెట్టాను. మొన్నటి కొలతలే మళ్లీ వచ్చిన వేళ, అంటే క్యూఎన్‌హెచ్ 1008 ఉన్నప్పుడు, అది 906.1 చూపింది. సూత్రం ప్రకారం 904.9 రావాలి. 1.2 హెక్టోపాస్కల్ తేడా. ఏది నమ్మాలి?

#11 పీడనరేఖ

రెండింటినీ నమ్మవచ్చు, రెండూ తమ హద్దుల్లోనే ఉన్నాయి. నివేదికలో క్యూఎన్‌హెచ్‌ను దశాంశాలు వదిలేసి కిందికే సరిచేస్తారు, 1008.9 ఉన్నా 1008 అనే రాస్తారు. అంటే అసలు స్టేషన్ పీడనం 904.9 నుంచి 905.8 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. రెండోది, ప్రకటించిన 900 మీటర్లు విమానాశ్రయపు నిర్ణీత ఎత్తు. మీ హ్యాంగర్ బల్ల అంతకంటే కింద ఉంటే, ఆ వేడిలో 10 మీటర్లకు ఒక హెక్టోపాస్కల్ చొప్పున ఎక్కువ చూపుతుంది. మూడోది, అలాంటి చిప్‌లకు తయారీలోనే ప్లస్ లేదా మైనస్ ఒక హెక్టోపాస్కల్ దాకా స్థిరమైన తేడా ఉంటుంది. ఒక్క కొలతతో తీర్పు చెప్పకుండా కనీసం పది రోజులు, రోజుకు రెండుసార్లు, నివేదిక వెలువడిన నిమిషానికే మీ అంకెను కూడా రాసుకుని సగటు తీయండి.

తేడాల బరువు కూడా తెలుసుకోండి. మీ పరిస్థితిలో పీడనంలో ఒక హెక్టోపాస్కల్ తేడా సాంద్రతా ఎత్తులో 11 మీటర్లు. బాష్ప పీడనంలో ఒక హెక్టోపాస్కల్ 4 మీటర్లు. ఉష్ణోగ్రతలో ఒక డిగ్రీ 32 మీటర్లు. నివేదికలో ఉష్ణోగ్రతను పూర్తి డిగ్రీలకే రాస్తారు కనుక అక్కడే 16 మీటర్ల అనిశ్చితి ఉంది. జవాబును 1948.3 అని దశాంశంతో చూపకండి. 1950 అని చూపండి.

#12 నీలిగాలి

పన్నెండు రోజులు రాసుకున్నాను, ఇరవై నాలుగు జతలు వచ్చాయి. నివేదిక నుంచి కట్టిన పీడనం కంటే నా చిప్ సగటున 1.1 హెక్టోపాస్కల్ ఎక్కువ చూపుతోంది. హ్యాంగర్ బల్ల నిర్ణీత ఎత్తుకు 4 మీటర్లు కింద ఉంది, దానికి 0.4 పోయింది. దశాంశాలు వదిలేయడం వల్ల సగటున మరో 0.4. చిప్ సొంత తేడా 0.3 మిగిలింది, దాన్ని ప్రోగ్రామ్‌లో తీసివేశాను. సాంద్రతా ఎత్తులో అది 3 మీటర్లు.

ఈ పని చేస్తుండగా బయటపడిన అసలు సమస్య వేరే ఉంది. అదే చిప్ ఉష్ణోగ్రత కూడా చూపుతుంది. దాన్నే లెక్కకు వాడుతున్నాను. పక్కనే ఉన్న విద్యుత్ బోర్డు వేడికి అది నీడలోని థర్మామీటరు కంటే 3 డిగ్రీలు ఎక్కువ చూపుతోంది. మూడు మీటర్ల కోసం పన్నెండు రోజులు వెతికిన డబ్బాలోనే సుమారు వంద మీటర్ల తప్పు ఉంది. ఇప్పుడు చిప్ నుంచి పీడనం మాత్రమే తీసుకుంటున్నాను. ఉష్ణోగ్రతకూ ఆర్ద్రతకూ వేరే సెన్సర్ జంటను పళ్లేల కవచంలో, హ్యాంగర్‌కు దూరంగా గడ్డి మీద నిలబెట్టాను. ప్రతి నెల మొదటి ఆదివారం కవచం విప్పి తుడవాలని లాగ్ పుస్తకం అట్ట మీద రాసి పెట్టుకున్నాను.